రెప్ప వేయని లోకో పైలట్

2009 నవంబరులో నన్ను రాయపూర్ రైల్వే ఆసుపత్రి కంటి విభాగానికి బదిలీ చేశారు. అప్పటికి నా హోదా సీనియర్ డివిజనల్ మెడికల్ ఆఫీసర్. పేరు బారెడున్నా విభాగంలో డాక్టర్ని నేనొక్కదాన్నే. ఊరు నాకు కొత్త కాదు. మా నాన్న విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరుగా పనిచేశారు. నేను పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్లలోనే. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుకుంటూ పెరిగాం.

కంటి డాక్టరంటే కళ్లజోడు రాసిచ్చే మనిషని బయట అనుకుంటారు. రైల్వేలో అంతకన్నా పెద్ద పని మరొకటి ఉంది. రైలు నడిపేవాళ్ల చూపును నిర్ణీత కాలానికోసారి పరీక్షించి, 'ఫిట్' అనో 'అన్‌ఫిట్' అనో రాసి సంతకం పెట్టాలి. లోకో పైలట్లు, అంటే ఇంజను డ్రైవర్లు, 'ఏ-వన్' అనే వైద్య తరగతిలో ఉంటారు. చూపు విషయంలో అంతకన్నా కఠినమైన తరగతి లేదు. వయసు పైబడేకొద్దీ పరీక్షలు దగ్గర పడతాయి. అందులో తప్పితే ఉద్యోగం పోదు గాని బండి పోతుంది. మనిషిని ఇంజను దించి, ఏ స్టోర్సులోనో, లాబీలోనో కూర్చోబెడతారు. లాబీ అంటే డ్రైవర్లు డ్యూటీకి హాజరు వేసుకునే చోటు. నేను చేరిన నెలలోపే ఆ లాబీలో నాకు 'రెడ్ సిగ్నల్ మేడం' అని పేరు పెట్టారని మా టెక్నీషియన్ చెప్పాడు. నాకేమీ బాధ కలగలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ కూడా అనేది.

డిసెంబరు రెండో వారంలో అప్పారావు గారు పరీక్షకు వచ్చారు. వయసు యాభై రెండు. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి పట్టాల మీద పనిచేసిన గ్యాంగ్‌మన్. ఈయన అసిస్టెంటుగా చేరి, గూడ్సు బళ్ల మీద ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, పాసింజర్లకు ఎదిగి, మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్ల వరుసలోకి వెళ్లబోతున్నారు. డ్రైవరుకు అది చివరి మెట్టు. ఆ మెట్టుకు, ఆయనకు మధ్య ఉన్నది నా సంతకం ఒక్కటే.

పరీక్ష బోర్డు మీద పై వరుసలు గడగడా చదివారు. కింది వరుసకు వచ్చేసరికి నత్తి మొదలైంది. రెండక్షరాలు చెప్పి మూడోదాని దగ్గర ఆగిపోయారు. కాసేపాగి మళ్లీ అడిగితే ఆ మూడోది సరిగ్గా చెప్పి, ఇందాక చెప్పిన మొదటిదే తప్పారు. శుక్లం ఉన్నవాడికి మసక ఒకేలా ఉంటుంది, ఇలా వచ్చిపోదు. ముందురోజు తాగి వచ్చారేమోనన్న అనుమానం నాకు వచ్చింది, దాచడం దేనికి. అడిగేశాను కూడా.

ఆయన నొచ్చుకున్నారు గాని గొంతు పెంచలేదు. "మందు నాను ముట్టనండి డాక్టరమ్మగారూ. ఠండీలో కళ్లు కొంచెం మండుతాయి, అంతే. కరకరా ఇసక పడినట్టుంటాది. హోలీ వచ్చేసరికి అదే పోద్ది" అన్నారు.

ఎన్నాళ్లుగా అని నిలదీస్తే మూడు చలికాలాలుగా అని తేలింది. మూడేళ్లు రైల్వే డాక్టరుకు చెప్పకుండా నెట్టుకొచ్చారు. ఇంటి దగ్గర భార్య కళ్లలో గులాబ్ జల్, అంటే పన్నీరు, వేసేదట. ముక్కు కారితే మందుల షాపులో జలుబు మాత్ర కొనుక్కునేవారట. బండి నడిపే రన్నింగ్ స్టాఫ్‌లో ఇది మామూలే. కాలు విరిగితే మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు, కంటి బాధ మాత్రం కడుపులో దాచుకుంటారు. చెబితే బండి దింపేస్తామని భయం. ఆ భయం అబద్ధమని నేను కూడా అనలేను.

ఆయన్ని స్లిట్ ల్యాంపు ముందు కూర్చోబెట్టాను. కంటిని పెద్దదిగా చూపే యంత్రం అది. రంగు అద్దిన కాగితం ముక్కను కంటి అంచుకు తాకించి నీలి వెలుగు వేస్తే, కన్నీటి పొర పచ్చగా మెరుస్తూ కనిపిస్తుంది. రెప్ప వేసిన తరువాత ఆ పొర కనీసం పది సెకన్లు చెక్కుచెదరకుండా నిలవాలి. అప్పారావు గారిది మూడు, నాలుగు సెకన్లకే విడిపోయింది. వేడి పాల మీద మీగడ పక్కకు జరిగినట్టు నల్లటి మచ్చలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆ దృశ్యం చూస్తున్నాను. అయినా ఆ రోజు చూస్తూ ఉండిపోయాను. వెంట్రుకలో ఎన్నో వంతో మందం ఉండే ఈ కాస్త నీటి పొరలోంచే గదా ఈయన సిగ్నల్ చూస్తాడు, వెనక వేల టన్నుల బండి దీన్ని నమ్ముకునే గదా కదులుతుంది అనిపించింది.

కన్నీరంటే ఒట్టి నీరు కాదు. కింద జిగురు, మధ్య నీరు, పైన పల్చటి నూనె. ఆ నూనె రెప్పల అంచున ఉండే సన్నటి గ్రంథుల్లోంచి వస్తుంది, నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు ఆ నూనె కూడా చిక్కబడుతుంది. రాయపూర్ చలి పొడి చలి. దానికి ఊరి పక్క ఉర్లా ఫ్యాక్టరీల దుమ్ము, తెల్లవారుజామున ప్రతి ఇంటి ముందూ రాజేసే గోర్సీ పొగ తోడు. గోర్సీ అంటే ఇక్కడివాళ్లు చలి కాచుకునే మట్టి కుంపటి. జలుబు మాత్రలు ఉన్న కాస్త తడినీ పీల్చేస్తాయి. ఇదంతా నేను ఊహించగలిగినదే. ఊహించనిది ఒకటుంది.

బోర్డు చదివేటప్పుడు అప్పారావు గారు రెప్ప వేయడం లేదు. అనుమానం వచ్చి గడియారం పట్టుకుని మళ్లీ చదివించాను. నిమిషం గడిచింది. కళ్లు ఎర్రబడుతున్నాయి, రెప్ప మాత్రం పడలేదు. రెప్ప వేసి చదవమన్నాను. దేవుడి ముందు చెప్పులతో నిలబడమన్నట్టు చూశారు నన్ను.

"సిగ్నల్ మీద చూపు ఆనించినాక రెప్ప ఎయ్యకూడదండి. రెప్ప ఏత్తే నాలుగు స్తంభాలు దాటిపోతాది బండి. మా ఉస్తాదు మాట" అన్నారు.

ఇది సిగ్నల్ కాదు, బోర్డు అన్నాను.

"నాను సదవాల్సింది ఏదైనా నాకు సిగ్నలేనండి."

ఉస్తాదు అంటే ఈయనకు పని నేర్పిన పాతకాలం డ్రైవరు. ఆ మాట ఈయన ఒక్కడికే కాదు, ఆ లాబీలో పాతవాళ్లందరికీ వేదమని తరువాత తెలిసింది. ఎండాకాలంలో, వానల్లో దానివల్ల నష్టం లేదు. మూడు సెకన్లకే ఆరిపోయే కంటికి చలికాలంలో అది విషం. నేను గట్టిగా కసిరితే రెప్ప వేసి చదివారు. కింది వరుస మొత్తం ఒక్క తప్పు లేకుండా చదివారు.

ఆ చదువును పట్టుకుని ఫిట్ రాసేయవచ్చు. నేను రాయలేదు. నా గదిలో నేను కసిరితే వేశారు, ఇంజనులో కసిరేది ఎవరు? తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాసి, మూడు వారాలు చికిత్సలో పెట్టాను. పొద్దున, సాయంత్రం పది నిమిషాలు వేడినీటి గుడ్డ కాపడం, రెప్పల అంచులు మెల్లగా నొక్కడం, కంటిని తడిగా ఉంచే చుక్కలు. గులాబ్ జల్, జలుబు మాత్రలు బంద్, గోర్సీ దగ్గర కూర్చోవడం బంద్. అన్నిటికన్నా ముఖ్యంగా, మూడు సెకన్లకోసారి లెక్కపెట్టుకుని నిండుగా రెప్ప వేయాలని ఆదేశించాను. ఆ ఆదేశం మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

ఆయన కాగితం అందుకున్నారు. "ఇంజను దించేత్తే నాకు మరో పని రాదండి. రిజిస్టరు రాయడానికి నాకు చెయ్యి తిరగదు" అన్నారు. బతిమాలుతున్నట్టు కాదు, సమాచారం ఇస్తున్నట్టు. నేను పై వారం రమ్మన్నాను. ఆయన వెళ్లాక ఆ రోజంతా మనసు బాగోలేదు. అయినా కాగితం మార్చలేదు.

జనవరి మొదటివారానికి కన్నీటి పొర ఏడెనిమిది సెకన్లు నిలవసాగింది. బోర్డు తప్పు లేకుండా చదివారు. నా అనుమానం మాత్రం తీరలేదు. నిబంధనల్లో నేను ఇంకా ముందుకు పోవాల్సిన పని లేదు గాని, డివిజన్ ఆఫీసుకు రాసి ఫుట్‌ప్లేట్ పాస్ తెప్పించుకున్నాను. ఇంజను క్యాబులో ప్రయాణించడానికి ఇచ్చే అనుమతి అది. నా షరతు ఏమిటంటే, అప్పారావు గారు బండి నడిపేటప్పుడు పక్కన లోకో ఇన్‌స్పెక్టరు ఉండాలి. డ్రైవర్ల పనిని పర్యవేక్షించే ఈ అధికారి ఒకప్పుడు తనూ డ్రైవరే. అవసరమైతే చేయి వేయగలడు. తివారీ అనే పెద్దమనిషిని కేటాయించారు.

తెల్లవారాక బయలుదేరే ఖాళీ బొగ్గు వ్యాగన్ల బండి, యాభై ఎనిమిది వ్యాగన్లు, బిలాస్‌పూర్ వైపు. నిటారు నిచ్చెన ఎక్కలేక నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను. లోపల అసిస్టెంటు లోకో పైలట్ పుష్పా సాహు చెయ్యి అందించి లాగింది. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, భాటాపారా ఆడపడుచు. క్యాబు కిటికీల సందుల్లో చలిగాలి రాకుండా పాత పేపర్లు కుక్కి ఉన్నాయి. హీటరు సరిగ్గా డ్రైవరు ముఖానికి తగిలేలా పెట్టుకున్నారు. మొదట దాన్ని కాళ్ల వైపు తిప్పించాను. తివారీ గారు నవ్వి ఊరుకున్నారు.

బండి కదిలాక వాళ్ల పద్ధతి చూశాను. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు చెయ్యెత్తి, ఆ సిగ్నల్ పేరూ రంగూ పైకి పిలుస్తుంది. డ్రైవరు తనూ చూసుకుని, చెయ్యెత్తి అదే మాట తిరిగి పిలుస్తాడు. ఇద్దరి పిలుపూ కలిస్తేనే ఆ రంగు ఖాయం. కలవకపోతే ఎక్కువ జాగ్రత్త చెప్పే రంగునే లెక్కలోకి తీసుకోవాలి. స్టేషను దాటుతున్నప్పుడు తల బయటపెట్టి, ప్లాట్‌ఫారం మీద జెండా పట్టుకున్న మనిషితో సైగ మార్చుకోవాలి, వెనక్కి తిరిగి బండి చూసుకోవాలి. ఒకసారి నేనూ తల బయటపెట్టాను. చలిగాలి కొట్టి కళ్లలోంచి ధారగా నీళ్లు కారాయి. పొడిబారిన కన్ను చేసే చివరి ప్రయత్నం ఆ నీళ్లు. అవి ఒట్టి నీళ్లే, నిలవవు.

బీర్‌గావ్ ఇళ్లు దాటి ఉర్లా ఫ్యాక్టరీల పక్కగా పోతున్నాం. పొగ, మంచు కలిసి ముందంతా గంజి పోసినట్టుంది. అప్పారావు గారూ పుష్పా ఒక్కసారే "డిస్టెంట్, పచ్చ" అని పిలిచారు. స్టేషనుకు దూరంగా ముందు వచ్చేది డిస్టెంట్ సిగ్నల్, దగ్గర్లో ఉండేది హోమ్. నా చూపు బాగా ఆనుతుందని నాకు గర్వం. నాకేమీ కనబడలేదు. ఆ తరువాత ఎంతసేపటికో నువ్వుగింజంత పచ్చటి చుక్క తేలింది. బోర్డు ముందు కూర్చోబెట్టి ఈ చూపునా నేను కొలిచింది అనుకుని నోరు తెరుచుకుని చూశాను.

కాని నా చేతిలో గడియారం ఉంది, నా పని నాకుంది. ఆయన మళ్లీ రెప్ప వేయడం లేదు. సిగ్నల్ కనబడిన క్షణం నుంచి దాన్ని దాటేదాకా కన్ను కొయ్యబారిపోతోంది. నా మూడు సెకన్ల లెక్క గాలికి పోయింది.

మూడో స్టేషను ముందు మంచు మరీ దట్టమైంది. పుష్ప చెయ్యెత్తింది. "హోమ్, పచ్చ" అంది. అప్పారావు గారు పలకలేదు. ఆమె చెయ్యి దింపకుండా మళ్లీ పిలిచింది. ఆయన మెడ ముందుకు చాచి చూశారు. అప్పుడు తెలుగులో, తనలో తను అనుకున్నట్టు "నాకు ఆనలేదు" అన్నారు. బ్రేకు వేశారు.

గాలి బుస్సుమంది. వెనక వ్యాగన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వస్తున్న చప్పుడు మా కాళ్ల కిందికి వచ్చింది. తివారీ గారు ఒక అడుగు ముందుకు వేశారు గాని చేయి పెట్టలేదు. బండి నడకలోకి వచ్చింది. అప్పారావు గారు గట్టిగా రెండుసార్లు కళ్లు మూసి తెరిచారు. "పచ్చ" అన్నారు, బ్రేకు వదిలారు. పుష్ప మొదటి నుంచీ సరిగ్గానే చెప్పింది. అది పచ్చే.

తివారీ గారు డైరీ తీశారు. సిగ్నల్ పచ్చగా ఉన్నా బండి నెమ్మదిస్తే కారణం రాయాలి. ఏం రాయమంటావని అప్పారావు గారిని హిందీలో అడిగారు. మంచు అని రాయమంటే సరిపోయేది. ఆ ఉదయం ఎవరు కాదనగలరు?

"దిఖా నహీఁ సాబ్. వహీ లిఖియే" అన్నారు అప్పారావు గారు. కనబడలేదు, అదే రాయండి అని.

అలా అన్నప్పుడు ఆయన నా వైపు తిరగలేదు. నేను ఎందుకు వచ్చానో ఆయనకు తెలుసు. పుష్ప పిలిచిన రంగునే తిరిగి పిలిచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, నాకు అసలే తెలిసేది కాదు. ముప్పై ఏళ్ల కొలువు, మెయిల్ బండి, అన్నీ నా పెన్ను మొన మీద ఉన్నాయని తెలిసి ఆ మనిషి బ్రేకు మీద చెయ్యి వేశాడు. బండి ఇలాంటి మనిషి చేతిలోనే ఉండాలనిపించింది. అదే సమయంలో, ఈయన్ని దించక తప్పదని కూడా అనిపించింది. ఆ రెండు మాటలూ ఒకే మనసులో ఎలా పట్టాయో ఇప్పటికీ చెప్పలేను.

తిల్దా స్టేషనులో ఒక ఎక్స్‌ప్రెస్ ముందుకు పోవాలని మా బండిని పక్క లైన్లో పెట్టారు. పుష్ప డబ్బా తెరిచి ఠేఠరీ పంచింది. శనగపిండితో చేసే కరకరలాడే చిరుతిండి. నేను తింటూనే అప్పారావు గారి మీద విరుచుకుపడ్డాను. మూడు సెకన్ల లెక్క ఏమైందని.

"లెక్క పెడితే సిగ్నల్ పోద్ది, సిగ్నల్ చూత్తే లెక్క పోద్దండి. రొండూ అవ్వవు. నాను ట్రై చేసినాను" అన్నారు.

గదిలో కూర్చుని రాసిన ఆదేశం అది. మా తెలుగు మాటలు సగం అర్థమయ్యాయో ఏమో, పుష్ప మధ్యలో కలగజేసుకుంది. చెయ్యి ఎలాగూ ఎత్తుతాం గదా మేడం అంది. సిగ్నల్ కనబడగానే చెయ్యెత్తాలి, ఎత్తడంతోపాటే నిండుగా ఒక్క రెప్ప వేయాలి, మళ్లీ చూడాలి, అప్పుడు పిలవాలి. లెక్క అక్కర్లేదు, చెయ్యే గుర్తు చేస్తుంది అంది. పిలుపు ఆలస్యమవుతుందని తివారీ గారు గొణిగారు. మళ్లీ తనే, రెండోసారి చూడకూడదని ఏ నిబంధనా లేదు అన్నారు. ఉస్తాదు మాట తీసి పక్కన పెట్టడం అప్పారావు గారికి ఠేఠరీ నమిలినంత తేలిక కాదు. చివరకు "ఉస్తాదు ఇప్పుడుంటే ఏటనీవోడో గాని, సేసి సూద్దాం" అన్నారు.

ముందుకు సాగాక ప్రతి సిగ్నల్ దగ్గరా చూశాను. చెయ్యి లేచింది, రెప్ప పడింది, కన్ను మళ్లీ తెరుచుకుంది, పిలుపు వచ్చింది. మొదట్లో రెండుసార్లు మరచిపోతే పుష్ప తన చెయ్యి గాల్లోనే ఉంచి ఆగింది. భాటాపారా చేరేసరికి గుర్తు చేయాల్సిన పని లేకపోయింది. మంచు తగ్గలేదు. ఒక్క పిలుపు కూడా తడబడలేదు.

ఒక్క ప్రయాణం చూసి సంతకం పెట్టలేదు నేను. మరో పది రోజులు తివారీ గారి పర్యవేక్షణలోనే గూడ్సు బళ్లు నడిపించి, ఆయన నివేదికలు తెప్పించుకున్నాను. మంచు ఉన్న ఉదయాలు ఆరు. ఎక్కడా అనవసరపు బ్రేకు లేదు. మళ్లీ స్లిట్ ల్యాంపు, మళ్లీ బోర్డు. ఆ తరువాత ఫిట్ రాసి, ప్రతి చలికాలం మొదట్లో కంటి తడి పరీక్ష జరగాలని షరతు పెట్టాను. ఏప్రిల్‌లో ఆయన మెయిల్ బండి ఎక్కారు. పదవీ విరమణ దాకా ప్రతి నవంబరులో పిలవకుండానే వచ్చి స్లిట్ ల్యాంపు ముందు కూర్చునేవారు.

ఆ ఉదంతం వల్ల నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. మనిషి చేతికి ఇప్పటికే అలవాటైన పని ఏదో కనుక్కుని దానికి ముడిపెట్టకుండా నేను మళ్లీ ఏ వైద్యమూ రాయలేదు. రెండోది, చూపు పరీక్షలో ఒక ప్రశ్న చేర్చుకున్నాను. అది ఏ ఫారంలోనూ లేదు. బోర్డు చదవడం అయ్యాక ప్రతి డ్రైవర్నీ, కనబడలేదని చివరిసారి బండి ఎప్పుడు ఆపావు అని అడిగేదాన్ని. ఎప్పుడో చెప్పగలిగినవాళ్లను త్వరగా పంపించేసేదాన్ని. ఎప్పుడూ ఆపలేదు మేడం అని గర్వంగా చెప్పినవాళ్లను మాత్రం మళ్లీ కూర్చోబెట్టి, మొదటి నుంచి పరీక్షించేదాన్ని.